పేర్లు వచ్చు, పటం రాదు: పిల్లల భూగోళం పాఠం ఎక్కడ తడబడుతోంది?

క్లుప్తంగా: భూగోళం పిల్లలకు కష్టమయ్యేది జ్ఞాపకశక్తి చాలక కాదు. పటం చదవడమనే మెట్టు ఎక్కించకుండానే నదులు, రాజధానులు, పర్వతాల పేర్లు మొదలుపెట్టడం వల్ల. ఆ మెట్టులో ఏమేం ఉంటాయి, ఏ వయసులో ఎక్కడ జారతారు, వేర్వేరు దేశాల పాఠ్యప్రణాళికలు దాన్ని ఎలా దాటిస్తున్నాయి అన్నది ఈ వ్యాసం విషయం.

గోడకు వేలాడే ప్రపంచ పటం ముందు ఆరో తరగతి పిల్లవాడిని నిలబెట్టి, నైలు నది ఎటు పారుతుందో వేలితో చూపించమంటే, ఆ వేలు తరచూ పైనుంచి కిందికి జారుతుంది. నైలు ఈజిప్టు గుండా పారి మధ్యధరా సముద్రంలో కలుస్తుందని అదే పిల్లవాడు తడుముకోకుండా చెప్పగలడు. మధ్యధరా సముద్రం పటంలో ఈజిప్టుకు పైన కనబడుతూనే ఉంటుంది. అయినా వేలు కిందికే పోతుంది. నీళ్లు పల్లానికే పారుతాయి, గోడ మీది పటంలో పల్లం అంటే కింద. పిల్లవాడి తర్కంలో లోపం లేదు. పటంలో 'పైన' అంటే ఎత్తు కాదు, ఉత్తరం అన్న ఒప్పందం అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

పిల్లలకు జాగ్రఫీ రావడం లేదన్న ఫిర్యాదు రెండు రకాలుగా వినిపిస్తుంది. రాజధానుల పేర్లు కూడా తెలియవని కొందరు, పేర్లు గడగడా అప్పజెబుతారు గానీ అర్థం తెలియదని ఇంకొందరు అంటారు. మొదటిదానికి మందు ఇంకాస్త బట్టీ అని తేలిగ్గా తేల్చేస్తారు. కానీ రెండూ ఒకే చోట నుంచి పుట్టినవే. పటాన్ని చదవడం రానివాడికి పేరు తగిలించుకోవడానికి మేకు ఉండదు. మేకు లేని పేరు పరీక్ష అయిన వారానికే జారిపోతుంది.

పటం బొమ్మ కాదు, ఒక రకం లిపి

పెద్దలకు పటం చూడగానే అర్థమవుతుంది కాబట్టి అది బొమ్మలాంటిదే అనిపిస్తుంది. నిజానికి అది నేర్చుకోవలసిన లిపి. అక్షరాలు దిద్దించకుండా వాక్యం చదవమని ఎవరూ అడగరు. పటం విషయంలో మాత్రం అదే జరుగుతోంది.

ఈ లిపిలో మొదటి పాఠం, ఒక వస్తువు ఇంకోదానికి బదులుగా నిలబడగలదన్నది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డిలోష్ 1987లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. ఒక గదికి చిన్న నమూనా తయారుచేసి, అందులో చిన్న బొమ్మను పిల్లల కళ్ల ముందే దాచారు. అసలు గదిలో పెద్ద బొమ్మ కూడా అదే చోట ఉందని చెప్పారు. మూడేళ్లు నిండిన పిల్లలు నేరుగా వెళ్లి తీసుకొచ్చారు. రెండున్నరేళ్ల వాళ్లలో ఎక్కువమంది గదంతా వెతికారు. చిన్న బొమ్మ ఎక్కడుందో వాళ్లకు గుర్తుంది. నమూనాకూ గదికీ సంబంధం ఉందన్నదే తట్టలేదు. కొన్ని నెలల తేడాలో ఈ తలుపు తెరుచుకుంటుంది.

అంటే బడికి వచ్చేసరికి పిల్లలకు 'ఇది దానికి గుర్తు' అన్న భావన వచ్చేసి ఉంటుంది. చిక్కు ఆ గుర్తు ఎంతవరకు నిజమన్న దగ్గర. లిన్ లిబెన్, రోజర్ డౌన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న పిల్లలకు రోడ్డు పటాలు చూపించారు. ఎర్ర గీత రోడ్డని ఒప్పుకున్న పిల్లలు, అక్కడికి వెళ్తే రోడ్డు ఎర్రగానే ఉంటుందనుకున్నారు. ఇంకొందరు అసలు ఒప్పుకోలేదు. ఆ గీత మీద రెండు కార్లు పట్టవు కదా అన్నది వాళ్ల అభ్యంతరం. నవ్వు తెప్పించినా ఇందులో పెద్ద విషయం ఉంది. గీతకున్న దిశ నిజం, రంగు ఒప్పందం, వెడల్పు అబద్ధం. పటంలో ఏది నిజం, ఏది ఒప్పందం, ఏది సౌకర్యం కోసం చేసిన మార్పు అన్నది తనంతట తాను తెలిసేది కాదు. భౌతిక పటంలో ఆకుపచ్చ చూసి అక్కడంతా అడవి ఉందనుకునే పెద్ద తరగతుల పిల్లలకూ జరిగేది ఇదే. చాలా పటాల్లో ఆ ఆకుపచ్చ పల్లపు నేలకు గుర్తు. ఎడారి పల్లంలో ఉన్నా ఆకుపచ్చే వేస్తారు.

పైనుంచి చూడటం ఇంకో మెట్టు. బల్ల మీద గ్లాసు, పుస్తకం, బంతి పెట్టి గీయమంటే ఏడేళ్ల పిల్లలు గ్లాసును పక్క నుంచి కనబడేలా, పుస్తకాన్ని పైనుంచి కనబడేలా ఒకే బొమ్మలో వేసేస్తుంటారు. బల్ల పక్కన కూర్చుని ఒకసారి, కుర్చీ ఎక్కి నిటారుగా కిందికి చూస్తూ ఒకసారి గీయిస్తే తేడా వాళ్లకే తెలుస్తుంది. గ్లాసు ఒక వట్టి వృత్తంగా మారిపోవడం చూసి ఆశ్చర్యపోతారు. పటం అంటే ఏమిటో అక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండ్‌లోని ఇవెర్డాన్‌లో విద్యావేత్త పెస్టలోజీ నడిపిన బడిలో పిల్లలను దగ్గర్లోని లోయకు నడిపించుకుపోయేవారు. అంతా తిరిగి చూశాక అక్కడి బంకమట్టి తెచ్చుకుని, పొడవాటి బల్లల మీద ఆ లోయనే తయారుచేసేవారు. నమూనా పూర్తయ్యాకే పటం చూపించేవారు. ఆధునిక భూగోళశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన కార్ల్ రిట్టర్ ఆ బడిని చూసి ప్రభావితుడయ్యాడు. ఇక్కడ గమనించాల్సింది మట్టి కాదు, వరస. ముందు నేల, తర్వాత నమూనా, ఆ తర్వాత పటం. ఇప్పటి తరగతి గదుల్లో ఎక్కువ భాగం మూడోదానితో మొదలై అక్కడే ఆగిపోతోంది.

పెట్టెలో పెట్టె

ఊరు జిల్లాలో ఉంది, జిల్లా రాష్ట్రంలో, రాష్ట్రం దేశంలో, దేశం ఖండంలో. పెద్దలకు ఇది ఒక్క ముక్కలో తేలిపోయే సంగతి. పిల్లలకు చాలా కష్టం. మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే, సహ పరిశోధకురాలితో కలిసి 1951లో ప్రచురించిన అధ్యయనంలో జెనీవా పిల్లలను ఇదే అడిగాడు. జెనీవా స్విట్జర్లాండ్‌లో ఉందని చిన్నవాళ్లు నోటితో చెప్పారు. గీయమంటే మాత్రం రెండు వృత్తాలు పక్కపక్కన వేశారు. నువ్వు స్విస్ కూడా కదా అంటే, కాదు, నేను జెనీవా వాడిని, ఒకేసారి రెండూ ఎలా అవుతానన్నట్టు జవాబిచ్చారు.

మాట వచ్చినంత మాత్రాన భావం వచ్చినట్టు కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 'ఖండం', 'దేశం' కలిపేసి ఆఫ్రికాను దేశమనడం కూడా ఈ మెట్టు సరిగ్గా పడకపోవడమే. ఒకదానిలో ఒకటి ఇమిడే డబ్బాలు, కాగితం వృత్తాలు ఇక్కడ బాగా పనిచేస్తాయి. ఉపగ్రహ చిత్రంలో బడి కప్పు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా జూమ్ అవుట్ చేసుకుంటూ పోవడం ఇంకా బాగా పనిచేస్తుంది, మధ్యమధ్యలో ఆగి 'ఇప్పుడు బడి ఎక్కడుంది' అని అడిగితే. ఆగకుండా లాగేస్తే అది వీడియో చూసినట్టే ఉంటుంది.

స్కేలు పాఠం కూడా ఇక్కడిదే. అందులో పెద్దలనూ తికమక పెట్టే మాట ఒకటుంది. 1:10,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే 100 మీటర్లు. 1:10,00,000 పటంలో అదే సెంటీమీటరు 10 కిలోమీటర్లు. ఇందులో 'పెద్ద స్కేలు' మొదటిది. కింది సంఖ్య చిన్నదైనకొద్దీ భిన్నం పెద్దదవుతుంది మరి. భిన్నాలు గణితంలో రాకముందే జాగ్రఫీలో ఈ పాఠం వస్తే పిల్లలకు మిగిలేది టెన్షన్ ఒక్కటే. రెండు సబ్జెక్టుల పాఠాల వరస సరిచూసుకుంటే తీరిపోయే ఇబ్బంది ఇది.

ఉత్తరం పైకి కాదు

ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ భాష మాట్లాడేవారు కుడి, ఎడమలకు బదులు దిక్కులే వాడతారు. పక్కనున్న వస్తువును కూడా తూర్పున ఉందనో, ఉత్తరాన ఉందనో చెబుతారు. ఆ మాటల మధ్య పెరిగేవారికి దిక్కు ఎప్పుడూ ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. దిక్కుల తెలివి పుట్టుకతో వచ్చే ప్రతిభ కాదు, వాడకంతో వచ్చే అలవాటన్నమాట. తరగతి గది నాలుగు గోడలకు నాలుగు దిక్కుల పేర్లు అంటించి, రోజూ మాటల్లో వాడితే కొద్ది వారాల్లోనే ఆ అలవాటు మొదలవుతుంది. పటాన్ని గోడ మీద నుంచి దించి నేల మీద పరిచి, దాని ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి తిప్పడం అన్నిటికంటే ముఖ్యం. నేల మీద పరిచిన పటంలో పైనా కిందా ఉండవు. నైలు సమస్య అక్కడే సగం తీరుతుంది.

మిగతా సగం ఎత్తుల సంగతి. దీనికి కాంటూరు రేఖల పాఠం, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతల పాఠం కావాలి. పుస్తకంలో వంకర గీతల చిత్రం చూపిస్తే పిల్లలకు వేలిముద్రలా కనిపిస్తుంది. ఒక పారదర్శకమైన డబ్బాలో పది సెంటీమీటర్ల మట్టి కొండ కట్టి, ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క వాలుగా చేయాలి. రెండు సెంటీమీటర్ల చొప్పున నీళ్లు పోసుకుంటూ, ప్రతిసారీ నీటి అంచు వెంబడి పుల్లతో గీత గీయాలి. చివరికి నీళ్లు తీసేసి నిటారుగా పైనుంచి చూస్తే, నిటారు పక్క గీతలు ఇరుక్కుని, వాలు పక్క గీతలు ఎడంగా కనిపిస్తాయి. అరగంట పని. ఇది చేసిన పిల్లలకు 'గీతలు దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ' అన్న వాక్యాన్ని వేరే నేర్పక్కర్లేదు.

దిశ, ఎత్తు రెండూ చేతికొచ్చాక కారణాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. సైబీరియాలోని ఓబ్, యెనిసే, లీనా నదులు ఉత్తరానికి పారి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తాయి. వసంతంలో దక్షిణాన ఉన్న ఎగువ భాగంలో మంచు ముందు కరుగుతుంది. ఉత్తరాన దిగువ భాగం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఎగువ నుంచి వచ్చిన నీటికి దారి లేక వరద వస్తుంది. దిశ తెలిసిన పిల్లలు దీన్ని తమంతట తాము ఊహించగలరు. తెలియని పిల్లలకు ఇది 'సైబీరియా నదుల వరదలకు కారణాలు రాయండి' అన్న నాలుగు మార్కుల ప్రశ్న.

గుండ్రటి భూమి మీద బల్లపరుపు నేల

భూమి గుండ్రంగా ఉందని ఒకటో తరగతి పిల్లలూ చెబుతారు. స్టెల్లా వోస్నియాడూ, విలియం బ్రూవర్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో ఒకటి, మూడు, ఐదు తరగతుల పిల్లలు 60 మందిని లోతుగా ప్రశ్నించారు. గుండ్రమే అన్న పిల్లల్లో కొందరి మనసులో భూమి పళ్లెంలా ఉంది. కొందరికి రెండు భూములున్నాయి, ఆకాశంలో గుండ్రంగా ఒకటి, కాళ్ల కింద బల్లపరుపుగా ఇంకొకటి. ఇంకొందరు భూమిని బోలు గోళంగా ఊహించుకుని, మనుషులను దాని లోపల చదునైన నేల మీద నిలబెట్టారు. గీయమన్న తీరు, అడిగిన ప్రశ్నలే పిల్లలను అయోమయంలో పడేశాయని తర్వాత వచ్చిన పరిశోధకులు కొందరు విమర్శించారు. ఆ విమర్శను పక్కన పెట్టలేం. అయినా తరగతి గదికి కావాల్సిన పాఠం మారదు. పిల్లలు విన్న మాటను పారేయరు, చూస్తున్న చదును నేలనూ వదులుకోరు. రెండిటినీ ఎలాగో అతికించుకుంటారు. ఆ అతుకు ఎలా ఉందో తెలియాలంటే అడగాలి, గీయించాలి.

గ్లోబు ప్రాథమిక తరగతుల్లోనే పిల్లల చేతికి రావాలనడానికి ఇంకో కారణం చదును పటం చేసే మాయ. మెర్కాటర్ 1569లో తయారుచేసిన పటం నావికుల కోసం. ఒకే దిక్కు పట్టుకుని సాగే దారి అందులో సరళరేఖగా వస్తుంది. అందుకు బదులుగా ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ విస్తీర్ణం ఉబ్బిపోతుంది. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా కనబడతాయి. అసలు లెక్కలో ఆఫ్రికా సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షలు. దాదాపు 14 రెట్ల తేడా. ఒక నారింజ తొక్కను చింపకుండా బల్ల మీద చదునుగా పరచమంటే, ఏ చదును పటమైనా ఏదో ఒకటి వదులుకోక తప్పదని పిల్లలకు వేళ్లతోనే అర్థమవుతుంది.

ఋతువుల పాఠం: రెండు బొమ్మలు చేసే చేటు

భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం వస్తుందన్న పొరపాటు పెద్దల్లోనూ చెక్కుచెదరకుండా ఉంది. దీన్ని చాలావరకు పాఠమే పెంచి పోషిస్తోంది. మొదటి దోషి పుస్తకంలోని కక్ష్య బొమ్మ. పక్క నుంచి వాలుగా చూసినట్టు గీస్తారు కాబట్టి కక్ష్య కోడిగుడ్డులా సాగిపోయి ఉంటుంది. నిజంగా అది దాదాపు వృత్తమే. జనవరి మొదట్లో దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. తేడా సుమారు 3 శాతం. పైగా ఉత్తరార్ధగోళంలో ఎండలు కాసే జులైలోనే భూమి దూరంగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క చాలు పాత నమ్మకాన్ని కదిలించడానికి.

రెండోది తరగతిలో చేసే ప్రదర్శన. మధ్యలో దీపం పెట్టి, గ్లోబు పట్టుకుని చుట్టూ తిరుగుతారు. తిరుగుతున్నప్పుడు చేయి తెలియకుండానే మెలి తిరిగి, గ్లోబు వంపు ఎప్పుడూ దీపం వైపే ఉండిపోతుంది. అలా అయితే ఋతువులే మారవు. 23.5 డిగ్రీల వంపు ఎప్పుడూ ఒకే వైపు చూడాలి. గదిలో ఒక గోడ మూల ఎంచుకుని, గ్లోబు పై మొన ఆ మూలనే చూసేలా నడిస్తే, ఒక చోట ఉత్తర భాగం దీపం వైపు వంగుతుంది, ఎదురు చోట దూరంగా వంగుతుంది. ఆ తర్వాత టార్చి వెలుగును కాగితం మీద నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేయాలి. వాలుగా పడ్డ వెలుగు ఎక్కువ మేర పరుచుకుని పలచబడుతుంది. అంతే వేడి ఎక్కువ చోటికి పంచుకోవాల్సి వస్తుందన్నది అక్కడ కంటికి కనిపిస్తుంది.

దగ్గర నుంచి దూరానికా?

పిల్లల భూగోళం ఎక్కడ మొదలవ్వాలన్న దానిపై దేశాలు ఒక్కమాట మీద లేవు. జపాన్‌లో సామాజిక అధ్యయనం మూడో తరగతిలో మొదలవుతుంది. ఆ ఏడు సొంత పట్టణం, నాలుగులో సొంత ప్రాంతం, ఐదులో దేశం నేల, పరిశ్రమలు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న ప్రణాళిక ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకే ఏడు ఖండాలు, ఐదు మహాసముద్రాల పేర్లు చెబుతుంది. వాటితో పాటే బడి ఆవరణకు పటం గీయిస్తుంది, పైనుంచి తీసిన ఫొటోలు చదివిస్తుంది. ఫిన్లాండ్‌లో ఆరో తరగతి దాకా జీవశాస్త్రం, భౌతికశాస్త్రం లాంటివాటితో కలిపి పర్యావరణ అధ్యయనంగా చెప్పి, ఏడు నుంచి భూగోళాన్ని విడిగా తీస్తారు.

జపాన్ దారిలో మెట్లు గట్టిగా పడతాయి. కానీ తొమ్మిదేళ్ల పిల్లలు తెరల మీద ధ్రువపు ఎలుగుబంట్లను, అగ్నిపర్వతాలను చూసేస్తున్న కాలంలో సొంత పట్టణం దగ్గరే ఏడాదంతా ఆపితే ఆసక్తి చల్లబడే ప్రమాదముంది. ఇంగ్లండ్ దారి ఆ కుతూహలాన్ని వాడుకుంటుంది, అయితే దగ్గరి పటం పని పక్కకు పోతే పేర్ల జాబితాగా దిగజారుతుంది. కలిపి చెప్పే పద్ధతిలో చెప్పేవారికి పటాల మీద పట్టు లేకపోతే మొక్కలు, జంతువుల పాఠాలు మిగిలి, ఎక్కడ అన్న ప్రశ్న మాయమవుతుంది. మొత్తం మీద మంచి దారి రెండు చివరలనూ పక్కపక్కన పెట్టడమే. మన దగ్గర వాన కొలిచిన సీసా పక్కనే ఎడారిలో కురిసే వాన లెక్క పెడితే దూరం దగ్గరవుతుంది.

పేర్లు అక్కర్లేదా?

కావాలి. పేర్లు లేకుండా ఆలోచన సాగదు. 2021 మార్చిలో ఒక భారీ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు రాకపోకలు ఆగిపోయాయి. సూయజ్ ఎక్కడుందో తెలిసిన పిల్లలకు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడమంటే ఏమిటో వార్త వినగానే వెలుగుతుంది. తెలియనివారికి అది ఓడ ఇరుక్కున్న వింత మాత్రమే.

కాకపోతే పేర్లు పాతబడతాయి. 2011లో దక్షిణ సూడాన్ పుట్టింది. 2018లో స్వాజిలాండ్ ఎస్వాతిని అయింది. కజఖ్‌స్తాన్ రాజధాని అస్తానా 2019లో నూర్‌సుల్తాన్‌గా మారి, 2022లో మళ్లీ అస్తానా అయింది. ఖండాలెన్ని అన్నదానికే ఒక్క జవాబు లేదు. రెండు అమెరికాలను ఒకే ఖండంగా లెక్కించే దేశాలున్నాయి, యూరప్, ఆసియాలను కలిపి చెప్పేవీ ఉన్నాయి. ఇంట్లో ఒక లెక్క, ఇంటర్నెట్‌లో ఇంకో లెక్క చూసి పిల్లలు తికమకపడితే, ఎవరిది తప్పని తేల్చడం కన్నా ఖండం అన్నది కొంత ప్రకృతి, కొంత మనుషుల ఒప్పందం అని చెప్పడం నిజాయితీ.

ఫోన్‌లో నీలి చుక్క

ఫోన్ పటం దారి చూపిస్తుంది కదా, ఇదంతా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. దారి చూపే పటం మనం తిరిగినప్పుడల్లా తనే తిరుగుతుంది. మనం ఎక్కడున్నామో చుక్క పెట్టి చెబుతుంది. పటాన్ని నేలతో సరిపోల్చడం, తానెక్కడున్నదీ గుర్తులను బట్టి తేల్చుకోవడం అనే రెండు పనులనూ అదే చేసేస్తుంది. పటం చదవడంలో అసలు కసరత్తు ఆ రెండే. ఉత్తరం పైన ఉండేలా పటాన్ని స్థిరంగా పెట్టి, చుక్కను కాగితంతో కప్పి, 'ఇప్పుడు మనం ఎక్కడ' అని అడిగితే అదే ఫోన్ మంచి పాఠ్య పరికరం అవుతుంది.

2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో పదేళ్ల బ్రిటిష్ బాలిక ఒకరు సముద్రం వింతగా నురగలు కక్కడం చూసి సునామీ వస్తోందని తల్లిదండ్రులను హెచ్చరించింది. తీరం ఖాళీ అయింది. రెండు వారాల ముందే ఆమెకు జాగ్రఫీ క్లాసులో ఆ పాఠం జరిగింది. ఆమె గుర్తుపట్టింది నిర్వచనాన్ని కాదు, లక్షణాన్ని.

పరీక్ష ఏది అడిగితే పాఠం అటే పోతుంది. 'నైలు నదిని పటంలో గుర్తించండి' అన్న ప్రశ్నకు గీత ఎక్కడుందో గుర్తుంటే చాలు. కాంటూరు గీతలున్న ఒక ఊహా ద్వీపం పటమిచ్చి, నది ఎటు పారుతుందో బాణం గీయమని, ఊరు ఎక్కడ కడితే వరద తాకదో చూపమని, అలా ఎందుకనుకున్నారో ఒక వాక్యం రాయమని అడిగితే బట్టీ పట్టడానికి అందులో ఏమీ ఉండదు. అలాంటి ఒక్క ప్రశ్న ప్రతి పరీక్షలోనూ వస్తుందని తెలిస్తే, గోడ మీది పటం నేల మీదికి దిగుతుంది.